పేసర్‌ని ఎంపిక చేస్తే సరిపోదు, నిలబెట్టుకోవాలి

2025 ఆగస్టు 4న లండన్ ఓవల్‌లో ఐదో టెస్టు చివరి రోజు ఇంగ్లండ్ గెలుపుకు 35 పరుగులు చాలు, చేతిలో నాలుగు వికెట్లున్నాయి. చివరికి 6 పరుగుల తేడాతో మనవాళ్లు గెలిచారు. ఆఖరి వికెట్ తీసింది మహమ్మద్ సిరాజ్ వేసిన యార్కర్. అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ ఎగిరిపోయింది. ఆ ఇన్నింగ్స్‌లో అది సిరాజ్ 31వ ఓవర్ మొదటి బంతి. ఆ సిరీస్‌లో అతను వేసిన 1,113వ బంతి. అప్పటికీ వేగం 140 కిలోమీటర్లకు తగ్గలేదు.

ఆ 1,113 పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి: 336. ఐపీఎల్ లీగ్ దశలో ఒక బౌలర్ 14 మ్యాచ్‌లూ ఆడి, ప్రతిసారీ నాలుగు ఓవర్ల కోటా పూర్తి చేస్తే రెండు నెలలకు పైగా కాలంలో పడే బంతులు అవి. ఇంగ్లండ్‌లో సిరాజ్ దానికి మూడు రెట్లకు పైగా వేశాడు, అదీ ఆరున్నర వారాల్లో. గుజరాత్ టైటన్స్ తరఫున ఐపీఎల్ ముగించుకున్న మూడు వారాలకే లీడ్స్‌లో మొదటి టెస్టు మొదలైంది. భారత పేస్ బౌలింగ్ కష్టమంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

జట్టు ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు మనం పేర్ల దగ్గరే ఆగిపోతాం. ఫలానావాడిని ఎందుకు తీసుకోలేదు, ఫలానావాడిని ఎందుకు కూర్చోబెట్టారు అని. సెలెక్టర్ల మీటింగ్ ఒక పూటలో అయిపోతుంది. కానీ ఆ మీటింగ్ నాటికి ఫిట్‌గా ఎవరు మిగిలి ఉంటారన్నది అంతకు చాలా ముందే, ఆ కుర్రాళ్లకు 18 నుంచి 24 ఏళ్ల వయసున్నప్పుడే తేలిపోతుంది. మన దేశంలో వేగానికి కరువు ఎప్పుడో తీరింది. కుర్రాళ్లను ఆ ఆరేళ్లు దాటించే పద్ధతే ఇంకా కుదరలేదని నా గట్టి అభిప్రాయం.

ముందుకాలు నేలను తాకినప్పుడు

ఫాస్ట్ బౌలర్ పరిగెత్తుకొచ్చి, క్రీజు దగ్గర ఎగిరి, ముందుకాలు నేలకు ఆనించే క్షణాన్ని స్లో మోషన్‌లో చూడండి. మడమ తగులుతుంది, మోకాలు బిగుసుకుంటుంది. పరుగులోని వేగమంతా అక్కడ ఒక్కసారిగా ఆగి, నడుము మీదుగా భుజానికి, అక్కణ్నుంచి వేళ్లకు చేరుతుంది. ఆ కాలి మీద పడే బలం శరీర బరువుకు ఐదారు రెట్లుంటుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. అంటే 75 కిలోల కుర్రాడికి దాదాపు నాలుగు క్వింటాళ్లు. అదే క్షణంలో వెన్ను వెనక్కి వంగుతుంది, పక్కకు ఒరుగుతుంది, మెలి కూడా తిరుగుతుంది. కుడిచేతి బౌలర్‌కి ఈ ఒత్తిడి ఎక్కువగా పడేది ఎడమవైపు కింది నడుములో, నాలుగు, ఐదో పూసల దగ్గర. పేసర్లకు స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే పగులు, ఎక్కువగా వచ్చేదీ అక్కడే.

ఒక్క బంతికి ఎముక విరగదు. ఇనుప తీగను ఒకసారి వంచితే ఏమీ కాదు, అదే చోట అటూ ఇటూ వంచుతూ పోతే టక్కున తెగుతుంది. అయితే తీగకు లేని గుణం ఎముకకు ఒకటుంది. అది తనను తాను బాగుచేసుకుంటుంది, మోస్తున్న భారానికి తగ్గట్టు గట్టిపడుతుంది. ఆ పనికి వారాలు చాలవు, నెలలు కావాలి. ముందు పాత ఎముక కొంత కరుగుతుంది, ఆ తర్వాతే కొత్తది పేరుకుంటుంది. ఆ మధ్య కాలంలో భారం ఒక్కసారిగా పెరిగితే పగులు పడుతుంది. పైగా ఇరవైల నడిమి దాకా వెన్నుపూసలు పూర్తిగా గట్టిపడవు. 19 ఏళ్ల కుర్రాడు 145 వేగంతో వేయగలడు. అతని చెయ్యి, కాలు, గుండె అందుకు సిద్ధంగా ఉంటాయి, నడుము మాత్రం ఉండదు.

అందుకే 'రెస్ట్ ఇస్తే సరిపోతుంది' అనే మాట సగమే నిజం. రెస్ట్ ఎక్కువైనా ప్రమాదమే. రెండు నెలలు మ్యాచ్‌కు 24 బంతులే వేసిన శరీరం ఆ 24కే అలవాటు పడుతుంది. దాన్ని తీసుకెళ్లి టెస్టులో రోజుకు 20 ఓవర్లు వేయమంటే, బౌలర్ ఎంత ఫిట్‌గా కనబడినా ఎముక సిద్ధంగా లేనట్టే. ఫిజియోలు, ట్రైనర్లు బంతులు లెక్కపెట్టేది అందుకే. ఈ వారం వేసినవి ఎన్ని, గత నెల సగటు ఎంత, రెండింటి మధ్య తేడా ఎంత అన్నదే వర్క్‌లోడ్ మేనేజ్‌మెంట్‌లో అసలు లెక్క. టీవీ చర్చల్లో ఈ మాట 'స్టార్లకు సెలవులు' అన్న అర్థంలో వాడిపడేస్తుంటే బాధేస్తుంది. చాలాసార్లు ఆ లెక్క చెప్పేది తక్కువ వేయమని కాదు, క్రమంగా పెంచుకుంటూ వేయమని.

యాక్షన్ సంగతీ ఉంది. భుజాలు ఒక దిక్కుకు, నడుము ఇంకో దిక్కుకు తిరిగే మిశ్రమ యాక్షన్ వెన్నుకు చేటు చేస్తుందని కోచ్‌లకు చాలాకాలంగా తెలుసు. ఆస్ట్రేలియా పేసర్ డెనిస్ లిల్లీ 1973 వెస్టిండీస్ టూర్‌లో నడుం విరిగి, ప్లాస్టర్ కట్టుతో వారాలు గడిపి, యాక్షన్ సరిదిద్దుకుని తిరిగొచ్చాడు. 1987లో చెన్నైలో ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్ మొదలైనప్పుడు కోచింగ్ బాధ్యత ఆయనకే ఇవ్వడం వెనక ఆ అనుభవం విలువ కూడా ఉంది. శ్రీనాథ్, వెంకటేశ్ ప్రసాద్, జహీర్ ఖాన్ ముగ్గురూ అక్కడ మెరుగులు దిద్దుకున్నవాళ్లే. మరి బుమ్రా సంగతి? పొట్టి రనప్, బిగదీసిన చెయ్యి, కర్రలా నిలిచే ముందుకాలు. ఏ కోచింగ్ పుస్తకమూ ఒప్పుకోని యాక్షన్. దాన్ని ఎవరూ మార్చలేదు, మార్చకపోవడమే మంచిదైంది. బ్యాటర్‌కి అందని ఆ కోణం, ఆ ఆలస్యం అందులోంచే వచ్చాయి. కాకపోతే దానికి చెల్లించాల్సిన వెల నడుం దగ్గర చెల్లించక తప్పదు. 2019లో ఒకసారి, 2022లో మరోసారి స్ట్రెస్ ఫ్రాక్చర్, 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషన్. 2024-25 ఆస్ట్రేలియా టూర్‌లో ఐదు టెస్టుల్లో 151.2 ఓవర్లు వేసి 32 వికెట్లు తీశాడు. సిడ్నీలో చివరి ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి నడుం పట్టేసి ఒక్క బంతీ వేయలేకపోయాడు. ఆస్ట్రేలియా 162 లక్ష్యాన్ని ఛేదించి సిరీస్ పట్టుకుపోయింది. ఆ తర్వాత ఛాంపియన్స్ ట్రోఫీకీ దూరమయ్యాడు.

అంత జరిగాక ఇంగ్లండ్‌లో ఐదు టెస్టుల్లో మూడే ఆడతాడని ముందే ప్రకటించారు. అతను లేని రెండు టెస్టులూ, అంటే ఎడ్జ్‌బాస్టన్, ఓవల్, మనం గెలవడంతో 'బుమ్రా లేకపోతేనే నయం' అని కొందరు తేల్చేశారు. అది తొందరపాటు. ఎడ్జ్‌బాస్టన్‌లో అతని స్థానంలో ఆడి పది వికెట్లు తీసిన ఆకాశ్ దీప్‌ని ఏళ్ల తరబడి రంజీలు, ఇండియా-ఎ (జాతీయ జట్టుకు తర్వాతి వరస జట్టు) మ్యాచ్‌లు తయారుచేశాయి. 2024 ఫిబ్రవరిలో టెస్టు క్యాప్ అందుకునే నాటికే అతనికి 27 ఏళ్లు.

కమిన్స్ కోసం ఎదురుచూసినట్టు

ఆస్ట్రేలియా పేసర్ ప్యాట్ కమిన్స్ కథ తెలియనివాళ్లు తక్కువే, కానీ అందులో తేదీలను జాగ్రత్తగా చూడాలి. 17 ఏళ్ల వయసులో అక్కడి దేశవాళీ టోర్నీ షెఫీల్డ్ షీల్డ్ ఫైనల్లో ఒకే మ్యాచ్‌లో 65 ఓవర్లు వేశాడు. 18 ఏళ్లకు, 2011 నవంబర్‌లో, జొహన్నెస్‌బర్గ్‌లో టెస్టు అరంగేట్రం. ఏడు వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. తర్వాతి టెస్టు 2017 మార్చిలో, మన రాంచీలో. మధ్యలో ఐదేళ్లు దాటిపోయాయి. మడమ, నడుము ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి. ఆ కాలంలో అతన్ని అప్పుడప్పుడు వన్డేలు, టీ20లు ఆడించారు. టెస్టులకు మాత్రం శరీరం ఒప్పుకునే దాకా ఆగారు. వైద్యం ఆగలేదు, 'వీడి పని అయిపోయింది' అని జాబితాలోంచి తీసేయలేదు. అలా నిలబెట్టుకున్నందుకు ఆస్ట్రేలియాకు 300కు పైగా టెస్టు వికెట్ల బౌలర్, కెప్టెన్ దొరికాడు. అయినా 2025లో, 32 ఏళ్ల వయసులో, నడుం ఎముక మళ్లీ ఇబ్బంది పెట్టి యాషెస్ మొదటి టెస్టుకు దూరమయ్యాడు. ఎంత బాగా కాపాడుకున్నా ఈ వృత్తిలో పూర్తి భరోసా ఉండదు.

ఇప్పుడు మయాంక్ యాదవ్‌ని చూడండి. 2024 ఐపీఎల్‌లో, 21 ఏళ్ల వయసులో, మొదటి రెండు మ్యాచ్‌ల్లోనూ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. బెంగళూరు మీద వేసిన ఒక బంతి 156.7 కిలోమీటర్లు. దేశమంతా ఊగిపోయింది. అప్పటికి అతని ఫస్ట్‌క్లాస్ అనుభవం దాదాపు లేనట్టే. మూడో మ్యాచ్‌లో ఒక్క ఓవర్ వేసి పక్కటెముకల దగ్గర పట్టుకుని బయటికి నడిచాడు. ఆ అక్టోబర్‌లో బంగ్లాదేశ్‌పై టీ20ల్లో ఇండియా క్యాప్ ఇచ్చారు. ఆ వెంటనే మళ్లీ గాయం. 2025 ఐపీఎల్‌లో ఆడినవి రెండు మ్యాచ్‌లే. తప్పు అతనిది కాదు. టీ20కి ఎంపిక చేస్తే తప్పేముంది, నాలుగు ఓవర్లే కదా అనుకుంటాం. ఆ నాలుగు ఓవర్లూ గరిష్ఠ వేగంతో వేయాలి. ఆ వేగాన్ని మోయడానికి కావలసిన ఓవర్ల పునాది మాత్రం అతనికి ఎప్పుడూ పడలేదు. ఉమ్రాన్ మాలిక్‌దీ కొంతవరకు ఇదే దారి. 2022లో సన్‌రైజర్స్‌కి 22 వికెట్లు తీశాడు. వెంటనే ఇండియా జెర్సీ వచ్చింది. లైన్, లెంగ్త్ నేర్చుకునే సమయమే అతనికి చిక్కలేదు.

సిరాజ్ దారి వేరు, అందుకే అతని కథ హైదరాబాదీల గర్వం దగ్గర ఆగిపోకూడదు. ఆటో నడిపే తండ్రి, గల్లీల్లో టెన్నిస్ బాల్. రంజీ అరంగేట్రం 2015 నవంబర్‌లో, 21 ఏళ్లకు. ఆ మరుసటి సీజన్‌లో భరత్ అరుణ్ హైదరాబాద్ కోచ్‌గా ఉన్నప్పుడు 41 వికెట్లు. 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొనుక్కుంది. అదే ఏడాది రాజ్‌కోట్‌లో న్యూజిలాండ్‌పై తొలి అంతర్జాతీయ టీ20లో నాలుగు ఓవర్లకు 53 పరుగులిచ్చాడు. అక్కడితో చాలామంది కథ ముగుస్తుంది. ఇతను మాత్రం ఎర్రబంతితో ఇండియా-ఎ మ్యాచ్‌లు, రంజీలు ఆడుతూ పోయాడు. 2018లో బెంగళూరులో ఆస్ట్రేలియా-ఎ మీద ఒక ఇన్నింగ్స్‌లో 59 పరుగులకు 8 వికెట్లు. టెస్టు క్యాప్ వచ్చేసరికి 26 ఏళ్లు. 2020 నవంబర్‌లో తండ్రి పోయిన వార్త విని కూడా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయి, ఆ డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. తర్వాతి నెల బ్రిస్బేన్‌లోని గబ్బాలో 73 పరుగులకు 5 వికెట్లు. బుమ్రా కూడా తొలి టెస్టు ఆడింది 24 ఏళ్లకే. దానికి ముందు నాలుగు రంజీ సీజన్లు, రెండేళ్ల వన్డేలు, టీ20లు. 'ఇంత ఆలస్యమా' అని అప్పట్లో అన్నారు. ఆ ఆలస్యమే వాళ్లకు మేలు చేసిందని నాకనిపిస్తుంది.

గబ్బా టెస్టులో మన బౌలింగ్ గుర్తుందా? షమి, ఉమేశ్, బుమ్రా గాయాలతో కూర్చున్నారు, ఇషాంత్ అసలు టూర్‌కే రాలేదు. సిరాజ్‌కి రెండు టెస్టుల అనుభవం, సైనీకి ఒకటి. శార్దూల్‌కీ ఒకటే, అందులోనూ పది బంతులే వేసి గాయపడ్డాడు. నటరాజన్‌కి అదే మొదటిది. అయినా గెలిచాం. అది అద్భుతం అన్నారు. నిజానికి రాహుల్ ద్రవిడ్ ఏళ్ల తరబడి నడిపిన ఇండియా-ఎ టూర్లు లేకపోతే ఆ అద్భుతం జరిగేది కాదు.

సెలెక్టర్ చేతిలో ఉన్న కాగితం

సెలెక్టర్ల వైపు నుంచి చూస్తే కష్టం ఇంకో రకం. వాళ్ల ముందు మూడు రకాల సమాచారం ఉంటుంది: రంజీ వికెట్లు, ఐపీఎల్ స్పీడ్ గన్, ఫిట్‌నెస్ రిపోర్టు. వీటిలో ఏ ఒక్కటీ టెస్టు బౌలర్‌ని చూపించదు.

రంజీ వికెట్లు చాలా వరకు పిచ్ ఇచ్చినవే. పచ్చిక ఉన్న పిచ్ మీద, ఉబ్బెత్తు కుట్టున్న ఎస్‌జీ బంతితో, 125 వేగంతో బుద్ధిగా ఒకే చోట వేసే బౌలర్ చలికాలం పొద్దున సులువుగా ఐదు వికెట్లు తీస్తాడు. అదే బౌలర్‌ని అడిలైడ్ తీసుకెళ్లి, 30 ఓవర్లు దాటి కుట్టు చదునైన కూకబుర్రా బంతి చేతికిస్తే ఏం చేయాలో పాలుపోదు. జయదేవ్ ఉనద్కత్ సంగతి తీసుకోండి. 2010 డిసెంబర్‌లో సెంచూరియన్‌లో, 19 ఏళ్లకు తొలి టెస్టు. రెండో టెస్టు 2022 డిసెంబర్‌లో మిర్పూర్‌లో. మధ్యలో 2019-20 సీజన్‌లో 67 వికెట్లు తీసి సౌరాష్ట్రకు రంజీ ట్రోఫీ తెచ్చాడు. ఒక పేసర్ ఒకే రంజీ సీజన్‌లో అన్ని వికెట్లు అంతకు ముందెన్నడూ తీయలేదు. అయినా పిలుపు రావడానికి ఇంకో రెండున్నరేళ్లకు పైగా పట్టింది. అతనికి అన్యాయం జరిగిందా? వికెట్ల లెక్క చూస్తే జరిగింది. విదేశీ పిచ్‌ల మీద పనికొచ్చే వేగం కావాలనుకున్న సెలెక్టర్ కళ్లతో చూస్తే వెంటనే తేల్చలేం. నా ఓటు మాత్రం ఉనద్కత్‌కే. వికెట్లు తీసినవాడికి తలుపు మూసేస్తే రంజీలో 20 ఓవర్లు వేయడానికి ఇంకో కుర్రాడికి ఏం ఆశ మిగులుతుంది?

స్పీడ్ గన్ ఇంకా మోసం చేస్తుంది. నాలుగు ఓవర్లలో 150 వేయడం వేరు, సాయంత్రం ఐదింటికి మూడో స్పెల్‌లో 140 వేయడం వేరు. టెస్టుల్లో కావాల్సింది రెండోది. 2025లో మాంచెస్టర్‌లో అన్షుల్ కాంబోజ్‌కి అరంగేట్రం ఇచ్చినప్పుడు అతని వేగం 130 లోపుకు పడిపోవడం అందరూ చూశారు. రంజీలో ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లు తీసినవాడు అతను. నైపుణ్యం లేదనలేం. మిగతావాళ్లు గాయపడ్డారని ఉన్నపళంగా విమానం ఎక్కించి టెస్టులో దింపారు.

ఒకప్పుడు ఈ బాధలేవీ లేవు, ఎందుకంటే పేసర్లే లేరు. 1967లో ఎడ్జ్‌బాస్టన్‌లో బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకట్రాఘవన్ నలుగురు స్పిన్నర్లనీ ఆడించి, కొత్త బంతిని వికెట్‌కీపర్‌గా పేరున్న కుందరన్ చేతికిచ్చారు. 1971లో హైదరాబాద్ ఫాస్ట్ బౌలర్ దేవరాజ్ గోవిందరాజ్‌ని వెస్టిండీస్, ఇంగ్లండ్ టూర్లు రెండింటికీ తీసుకెళ్లారు, ఒక్క టెస్టూ ఆడించలేదు. మన స్పిన్నర్ల గొప్పతనాన్ని తక్కువ చేయడం కాదు గానీ, ఆ రెండు టూర్లూ బెంచీ మీదే గడిపిన మనిషి గురించి ఎవరూ పెద్దగా రాయకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది. అక్కణ్నుంచి 2018లో జొహన్నెస్‌బర్గ్‌లో ఒక్క స్పిన్నర్ లేకుండా దిగి 20 వికెట్లూ పేసర్లే తీసే దాకా వచ్చాం.

వ్యవస్థ కూడా కదిలింది. 2024 ఫిబ్రవరిలో బీసీసీఐ మొదటిసారి ఫాస్ట్ బౌలింగ్ కాంట్రాక్టులంటూ విడిగా ఐదుగురికి సిఫారసు చేసింది: ఆకాశ్ దీప్, విజయ్‌కుమార్ వైశాక్, ఉమ్రాన్ మాలిక్, యశ్ దయాల్, విద్వత్ కావేరప్ప. ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే బెంగళూరు శివార్లలో సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ తెరిచారు. ఐదుగురు తక్కువ. రాష్ట్రానికి ఒకరిద్దరైనా ఉండాలి, ఆ కాంట్రాక్టు మూడేళ్లకు తగ్గకూడదు. గాయపడిన 20 ఏళ్ల కుర్రాడికి మ్యాచ్ ఫీజు రాదు, ఐపీఎల్ జట్టు వచ్చే వేలంలో పక్కన పెట్టొచ్చు. అందుకే నొప్పి దాచిపెట్టి బౌలింగ్ చేస్తాడు. డబ్బు భరోసా ఉంటే నడుం నొప్పి మొదలైన మొదటి వారంలోనే నోరు విప్పుతాడు. మొదట్లో పట్టుకున్న ఎముక ఒత్తిడి కొన్ని వారాల విశ్రాంతితో పోతుంది, పూర్తిగా విరిగాక తెలిస్తే సీజన్ మొత్తం పోతుంది.

జిల్లా గ్రౌండ్ల నుంచి

ఈ లెక్కలన్నీ బెంగళూరులో మొదలైతే లాభం లేదు, అప్పటికే ఆలస్యమైపోతుంది. వేగంగా వేసే 16 ఏళ్ల కుర్రాడు ఏ జిల్లాలో దొరికినా అతన్ని అందరూ వాడుకుంటారు. శనివారం స్కూల్ మ్యాచ్, ఆదివారం లీగ్ మ్యాచ్, మధ్యలో అండర్-19 సెలెక్షన్స్, వారంలో రోజూ నెట్స్. ప్రతి కెప్టెన్‌కీ ఆ రోజు వికెట్ కావాలి, అందరికీ వేసిన ఓవర్లు కలిపి లెక్కపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఇంగ్లండ్‌లో క్లబ్ స్థాయి నుంచే వయసును బట్టి స్పెల్‌కి ఎన్ని ఓవర్లు, రోజుకు ఎన్ని ఓవర్లు అనే పరిమితి ఉంది, అంపైర్ ఆపేస్తాడు. ఇక్కడ హెచ్‌సీఏ, ఏసీఏలకు (హైదరాబాద్, ఆంధ్రా క్రికెట్ సంఘాలకు) దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి పేస్ బౌలర్‌కీ ఒక నోట్‌బుక్, అందులో ఏ రోజు ఎన్ని బంతులు, నెట్స్‌తో సహా. నడుం నొప్పి అన్న రోజున ఆ పుస్తకం చూస్తే డాక్టర్‌కి సగం జవాబు దొరుకుతుంది.

తెలుగువాళ్లలో ఇప్పుడు ఈ మలుపు దగ్గర నిలబడ్డది విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. 2024 నవంబర్‌లో పెర్త్‌లో తొలి టెస్టు ఆడేనాటికి వయసు 21. మెల్‌బోర్న్ సెంచరీతో బ్యాటింగ్ గురించి అందరూ మాట్లాడుకున్నారు. జట్టుకు అతని అవసరం అసలు నాలుగో పేసర్‌గా, రోజుకు పది పన్నెండు ఓవర్లు వేయగల ఆల్‌రౌండర్‌గా. ఆ స్థానంలో అంతకు ముందున్న హార్దిక్ పాండ్య 2018 తర్వాత టెస్టు ఆడలేదు, 2019లో నడుంకు ఆపరేషన్ అయ్యింది. నితీశ్ 2025లో ఇంగ్లండ్‌లో మోకాలి గాయంతో మధ్యలోనే తిరిగొచ్చాడు. జట్టుతో ఉంటే ఒక ఇన్నింగ్స్‌లో మూడు నాలుగు ఓవర్లు వేస్తాడు, ఇంకోదాంట్లో అసలు వేయడు. అది విశ్రాంతీ కాదు, ప్రాక్టీసూ కాదు. ఇంకో రెండు సీజన్లు అతను విశాఖలోనో విజయనగరంలోనో ఆంధ్రా తరఫున రంజీలు ఆడి, ఇన్నింగ్స్‌కి 15 ఓవర్ల దాకా క్రమంగా పెంచుకుంటూ పోవాలి. ఆడించే ఉద్దేశం లేని టెస్టులకు బెంచీ మీద కూర్చోబెట్టకుండా అతన్ని రాష్ట్ర జట్టుకు పంపడం సెలెక్టర్ల చేతిలో ఉన్న పనే.